జూల్ జాన్సెన్ పండితుని చరిత్రము

చిన్న దూరదర్శినిని క్రొత్తగా సంపాదించిన విద్యార్థి మొట్టమొదట అడుగు ప్రశ్నలు రెండు. వెనుకవైపున ఏ అక్షికటకమును పెట్టవలెను? ఏ రంగు ఫిల్టరును బిగింపవలెను? విక్రేతల పట్టికలను తిరుగవేసినచో అక్షికటకములు పదులకొలదిగను, ఫిల్టరులు ఇంద్రధనుస్సునందలి అన్ని రంగులలోను కానవచ్చును గాని, దేనితో ఏది కనబడునో ఆ పట్టికలు చెప్పవు. కాంతికిని కంటికిని నడుమ ఏమి నిలిపినచో ఏది గోచరించునను ప్రశ్ననే తన జీవితమంతయు అనేక విధములుగ వేసికొనిన పండితుడొకడు 19వ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున నుండెను. ఆయన పేరు జూల్ జాన్సెన్. ఆయన కీర్తికి మూలమైన పరిశోధన పారిసులో గాక, లండనులో గాక, మన గుంటూరు పట్టణమున జరిగినది. ఈ సంగతి యెఱిగిన తెలుగు విద్యార్థులు మిక్కిలి తక్కువ. ఎఱిగినవారును దానిని కొంత తప్పుగానే యెఱుగుదురు. కావున ఆయన చరిత్రమును ఇచ్చట కొంత వివరముగ వ్రాయుచున్నాను.

జాన్సెన్ 1824వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీని పారిసు నగరమున జన్మించెను. తండ్రి సంగీత విద్వాంసుడు. శైశవమున సంభవించిన ప్రమాదముచే ఆయనకు కాలొకటి అవిటిదయ్యెను. జీవితాంతము కుంటుచునే నడచెను. ఆ కారణముచేతనే బాల్యమున బడికి పోలేదు. ఇంటనే కొంత చదువు నేర్చెను. అంతలో కుటుంబము బీదదగుటచే చిన్న వయసుననే బ్యాంకిలో గుమాస్తాగా కుదురుకొనవలసి వచ్చెను. పగలు పద్దులు వ్రాయుచు, మిగిలిన వేళల పుస్తకములు చదువుచు, తుదకు 25 ఏండ్ల ప్రాయమున పాఠశాలాంత పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను. మన బాలురు పదునాఱేండ్లకు ఒకసారి తప్పినచో లోకము తలక్రిందులైనట్లు కూర్చుందురు గదా! జాన్సెన్ 1852లో గణితశాస్త్రమున పట్టమును పొంది, మరుసటి యేడు ఒక ఉన్నత పాఠశాలలో సెలవు మీదనున్న ఉపాధ్యాయుని బదులు పాఠములు చెప్పుటకు కుదిరెను.

1857లో భూమియొక్క అయస్కాంత మధ్యరేఖను నిర్ణయించుటకై పెరూ దేశమునకు పంపబడి, అచ్చటి అడవులలో జ్వరముచేతను రక్తగ్రహణిచేతను మంచము పట్టి తిరిగివచ్చెను. పిమ్మట ల క్రూజో అను నూరిలో ష్నైడరు కుటుంబమువారి యింట పిల్లలకు చదువు చెప్పు పనిలో కుదిరెను. ల క్రూజో అనగా నెట్టిదో లాలాగూడ బాలురకు వర్ణించి చెప్పనక్కఱలేదు. అది ఇనుప కార్ఖానాల యూరు. ఫ్రాన్సు దేశపు తొలి రైలు ఇంజనులలో కొన్ని అచ్చటనే తయారైనవి. కొలిమి మంట, సమ్మెట మ్రోత, వేళకు కూయు ఈల, మసి బట్టలతో ఇంటికి వచ్చు తండ్రులు, ఇవన్నియు రైల్వే కార్ఖానా ప్రక్కన పెరిగిన మన పిల్లలకు ఇంటి సంగతులే.

ఆ కొలిముల యెదుట నిలిచినపుడు జాన్సెన్‌నకు వింత యొకటి తోచెను. కఱగిన లోహమునుండి వెలువడు వేడికి ముఖచర్మము మాడిపోవునట్లుండును. అయినను అదే వేడిని నేరుగా ఎదుర్కొను కన్ను అంతగా బాధపడదు. ఇట్లేల? కంటిలోని పారదర్శక ద్రవములు వెలుతురును లోనికి పోనిచ్చుచు, వెలుతురు లేని వేడికిరణములను చాలవఱకు దారిలోనే పీల్చివేయుచున్నవని ఆయన ప్రయోగములచే నిరూపించెను. ఈ విషయముపై వ్రాసిన సిద్ధాంత వ్యాసమునకే 1860లో డాక్టరు పట్టమును పొందెను. కన్నే యొక ఫిల్టరు. ఆయన తరువాత చేసిన పనులన్నిటికి ఇదియే పునాది యని నా యభిప్రాయము.

ఇచ్చట ఒక్క హెచ్చరిక చేయక తప్పదు. కన్ను తన్ను తాను కాపాడుకొనునని దీనినుండి యెవరును గ్రహింపరాదు. కొలిమి వేడిలో చాల భాగమును కన్ను అడ్డగించును గాని, సూర్యకాంతిని అడ్డగింపలేదు. కనబడు వెలుతురును, దానికి చేరువనున్న కనబడని కిరణములలో కొన్నియు, కంటి లోపలి తెఱయగు రెటీనాను చేరి దానిని కాల్చును. రెటీనాకు నొప్పి తెలియదు. గంటలు గడచిన పిమ్మట చూపులో నల్లని మచ్చ యేర్పడినపుడు గాని అపాయము తెలియదు. కార్ఖానాలలో వెల్డింగు పని చేయువారు వాడు నల్ల గాజులు మన పేటలో తఱచు దొరకును. వానిపై నంబరుండును. 14వ నంబరు గాజు మాత్రమే వట్టి కంటితో సూర్యుని చూచుటకు నమ్మదగినది. గ్యాసు వెల్డింగునకు వాడు చిన్న నంబరులు చాలవు. అది యెంత నల్లనిదైనను దూరదర్శిని వెనుక పెట్టి చూడనేరాదు. మసి పట్టించిన గాజుముక్క, ఎక్సురే ఫిల్ము, రంగునీళ్ల పళ్లెము, ఇవి యేవియు పనికిరావు.

కంటినుండి జాన్సెన్ దృష్టి ఆకాశమునకు మఱలెను. సూర్యకాంతిని పట్టకము గుండ పోనిచ్చినచో ఏడు రంగుల వర్ణపటము ఏర్పడునని మీరు ఎఱుగుదురు. ఆ పటములో సన్నని నల్లగీతలు అనేకములుండును. సూర్యుడు క్రిందికి దిగిన కొలది వానిలో కొన్ని బలపడుచుండుట జాన్సెన్ 1862 మొదలుకొని శ్రద్ధతో పరిశీలించెను. అస్తమయమున వెలుతురు మన గాలిలో నెక్కువ దూరము నడచును గనుక, ఆ గీతలు సూర్యునివి కావు, మన గాలి గీసినవి. దీనిని ఋజువు చేయుటకు 1864లో జెనీవా సరస్సుయొక్క ఒక దరిని దేవదారు కట్టెలతో పెద్ద మంట వేయించి, పదిమైళ్లకు పైగా దూరముననున్న రెండవ దరినుండి ఆ మంటను వర్ణపటదర్శినితో చూచెను. దగ్గఱనుండి చూచినపుడు లేని గీతలు దూరమునుండి చూచినపుడు కానవచ్చెను. 1866లో పారిసు నగరపు గ్యాసు కార్ఖానాలో 37 మీటరుల పొడవుగల ఇనుప గొట్టమును నీటి ఆవిరితో నింపి, ఒక కొననుండి దీపకాంతిని పంపి రెండవ కొనన పరిశీలించెను. ఆ గీతలలో కొన్ని నీటి ఆవిరి పనియే యని తేలెను. అట్లు మన నెత్తిపైనున్న గాలియే అన్ని దూరదర్శినులకు ముందు బిగింపబడిన తొలి ఫిల్టరని ఆయన తేల్చెను.

ఇక గుంటూరు సంగతి. 1868వ సంవత్సరము ఆగష్టు 18వ తేది, విభవనామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్యనాడు, మన దేశమును పడమటినుండి తూర్పునకు దాటుచు సంపూర్ణ సూర్యగ్రహణము కలుగునని గణకులు ముందే తెలిపియుండిరి. ఆనాటి పండితులను వేధించుచున్న ప్రశ్న ఇది: సంపూర్ణ గ్రహణ సమయమున చంద్రుని నల్లని అంచు చుట్టును ఎఱ్ఱని మంటలవంటివి కానవచ్చును, అవి యేమి? 1860లో స్పెయిను దేశమున తీసిన ఛాయాచిత్రములవలన అవి సూర్యునివే యని తెలిసెను గాని, వాని పదార్థమేదో తెలియలేదు. అవి వాయువులా, మేఘములవంటి తునుకలా? వర్ణపటదర్శినితో వానిని పరీక్షించుటకు తగిన మొదటి సంపూర్ణ గ్రహణము ఇదియే.

అందుచే మన తెలుగు దేశము కొన్నివారములపాటు లోకపు జ్యోతిశ్శాస్త్రజ్ఞులకు విడిదిపట్టయ్యెను. మచిలీపట్టణమునకు మద్రాసు వేధశాలాధిపతి నార్మన్ పాగ్సన్ వచ్చెను. అదే వేధశాలలో ఉద్యోగియగు చింతామణి రఘునాథాచార్యులవారు మఱియొక జట్టును వెంటబెట్టుకొని నిజాము రాజ్యములోని వనపర్తికి వెళ్లిరి. గుంటూరున మేజరు టెన్నంటు ఆంగ్లేయ ప్రభుత్వము తరఫున గుడారములు వేయించెను. ఆ గుంటూరునకే జాన్సెన్ గూడ చేరెను. అప్పటికి గుంటూరు జిల్లా వేఱుగ లేదు. కృష్ణా జిల్లాలో కలిసియుండెను. ఊరు పత్తి వ్యాపారమునకు ప్రసిద్ధి. సముద్రపు టొడ్డున మంచుతెఱలును కొండలపై మేఘములును అడ్డగించునను భయముచే, రెంటికిని దూరముగనున్న గుంటూరును ఎన్నుకొని, ఒక ఫ్రెంచి వర్తకుని మేడపై తన పరికరములను నిలిపెను. వానకాలమగుటచే గ్రహణమునకు ముందు దినములన్నియు మబ్బులును వానలును విడువలేదు. అంతదూరమునుండి వచ్చినవాని మనసు ఎట్లుండునో ఊహించుకొనుడు. ఆనాటి ఉదయము మాత్రము సూర్యుడు కనబడెను.

జాన్సెన్ తన దూరదర్శినికి మామూలు అక్షికటకమును తీసివేసి, దాని చోట వర్ణపటదర్శినిని బిగించియుండెను. సూర్యుని చివరి అంచు మాయమగుటతోడనే చంద్రుని రెండు ప్రక్కలను రెండు మంటలు బయలుపడెను. వాని వెలుతురును సన్నని చీలిక గుండ పోనిచ్చి చూడగా, ఏడు రంగుల పట్టీకి బదులు, నల్లని నేలపై విడివిడిగా మెఱయు కొన్ని రంగుగీతలు మాత్రమే కనబడెను. అనగా ఆ మంటలు వాయువులే. వానిలో ఎఱ్ఱగీతయు, నీలి పచ్చగీతయు ముఖ్యమైనవి. అవి ఉదజని, అనగా హైడ్రోజను వాయువుయొక్క గీతలని ఆయన గుర్తించెను. గ్రహణము ఐదు నిమిషములకు పైగా నిలిచి ముగిసెను. టెన్నంటు మొదలగు ఇతర పండితులును ఆ గీతలను ఆనాడే చూచిరి. ఇంతవఱకు జాన్సెన్ పదిమందిలో నొకడు మాత్రమే.

కాని ఆ గీతల ప్రకాశమును చూచినపుడు ఆయనకు తోచినది మఱెవ్వరికిని అచ్చట తోచలేదు. ఇంత ప్రకాశముగల గీతలు గ్రహణము లేనపుడు మాత్రము ఏల కనబడరాదు? ఆ మధ్యాహ్నమే చూడగోరెను గాని మబ్బు పట్టెను. మఱునాడు, ఆగష్టు 19వ తేదీని, తెల్లవాఱక మునుపే లేచి పరికరమును సిద్ధపఱచుకొని, సూర్యుడు పైకి రాగానే చీలికను సూర్యుని అంచునకు తగిలించి నిలిపెను. ఎఱ్ఱగీత సూర్యుని అంచును దాటి మెఱయుచు నిలిచెను. చంద్రుడు అడ్డము లేడు, గ్రహణము లేదు, పూర్ణమైన పగలు. చీలికను కొంచెము కొంచెముగ జరుపుచు, గీత యెచ్చట పొడవుగ నున్నదో, యెచ్చట కుఱుచగ నున్నదో గుర్తు వేసికొని, ఆ మంటల రూపమును సైతము కాగితముపై దించెను. క్రిందటి దినము చూచిన మంట అప్పటికే రూపు మాఱియుండెను. పదునేడు దినములు ఆ గుంటూరు మేడపైననే ఈ పని సాగెను.

రంగుటద్దముతో సాధ్యము కానిది ఈ చీలికతో ఎట్లు సాధ్యమయ్యెను? ఎఱ్ఱని వస్తువును చూచుటకు ఎఱ్ఱని అద్దము పెట్టినచో చాలదా యని అడుగవచ్చును. లండనులో విలియం హగ్గిన్సు అను పండితుడు అట్లే రంగు రంగుల అద్దములను జతపఱచి చాలకాలము ప్రయత్నించెను, మంటలు కనబడలేదు. కారణమేమనగా, మంటలు మసకవి కావు. వానిని కప్పివేయునది సూర్యుని చుట్టును మన గాలిలో చెదరిన పగటి వెలుతురు. ఆ వెలుతురులో అన్ని రంగులును గలవు. ఎఱ్ఱ అద్దము పచ్చను నీలమును ఆపివేసినను, ఎఱుపులోని వేలకొలది వన్నెలను అన్నిటిని లోనికి విడుచును. మంట వెలుతురు ఆ వేలలో ఒక్క వన్నె మాత్రమే. పట్టకమైనచో పగటి వెలుతురును పొడవైన పట్టీగా పఱచివేయును. పట్టీ పొడవైన కొలది పలుచనగును. మంట వెలుతురు ఒక్క వన్నెయే గనుక పఱచుటకు దానిలో ఏమియు లేదు; ఉన్నచోటనే, ఉన్న ప్రకాశముతోనే నిలుచును. పాలలో నీళ్లు పోసిన కొలది పాలు పలుచనగును గాని అందులోని రాయి పలుచనగునా? పట్టకములను పెంచిన కొలది మంటగీత తేటపడుటకు ఇదియే హేతువు.

ఈ పద్ధతినుండియే తరువాతి కాలమున మిక్కిలి సన్నని ఫిల్టరులు పుట్టినవి. 1930ల నాటికి బెర్నార్ లియో అను ఫ్రెంచి పండితుడు పట్టకము లేకయే ఒక్క వన్నెను మాత్రము విడుచు ఫిల్టరును నిర్మించెను. నేడు చిన్న దూరదర్శినులకు అమ్ముచున్న హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టరులు ఆ జాతివే. 6563 ఆంగ్‌స్ట్రాముల యొద్ద ఒక్క ఆంగ్‌స్ట్రాము కంటె తక్కువ వెడల్పు మాత్రమే అవి విడుచును. జాన్సెన్ గుంటూరున చూచిన ఎఱ్ఱగీత అదియే. సాధారణపు తెల్లవెలుతురు సూర్యఫిల్టరుతో మచ్చలు కనబడును; మంటలు కనబడవు. అందుకై ఎదురుచూచి నిరాశపడు విద్యార్థులు ఈ భేదమును గుర్తింపవలెను. వెలలోను రెంటికిని ఏనుగునకు ఎలుకకు ఉన్నంత వ్యత్యాసము కలదు.

జాన్సెన్ తన ఉత్తరమును సెప్టెంబరు నెలలో వ్రాసి పంపెను. సూయజు కాలువ ఇంకను తెఱవబడని దినములవి. ఉత్తరము అక్టోబరు 26వ తేదీని పారిసు విజ్ఞాన పరిషత్తునకు చేరెను. విచిత్రమేమనగా, ఇంగ్లండులో యుద్ధశాఖలో గుమాస్తాపని చేయు నార్మన్ లాకియర్ అను నతడు, గుంటూరు సంగతి యేమియు తెలియకయే, అక్టోబరు 20న అదే పద్ధతితో మంటలను చూచి పంపిన లేఖయు అదే సభకు చేరెను. ఇరువురిలో ఎవరు మొదటివారని వాదము పెరుగవలసినదే. ఆ పరిషత్తువారు ఇరువురికిని సమముగ గౌరవమిచ్చిరి. 1872లో ఫ్రెంచి ప్రభుత్వమువారు ఇరువురి ముఖములను ప్రక్కప్రక్కన ముద్రించిన పతకమును పోయించిరి. వారిరువురు జీవితాంతము మిత్రులుగ నుండిరి.

హీలియము అను వాయువును జాన్సెన్ గుంటూరున కనుగొనెనని పత్రికలలోను పుస్తకములలోను తఱచు చదువుచుందుము. ఇది ఊరికి కీర్తి తెచ్చు మాటయే గాని, సంపూర్ణముగ నిజము కాదు. గ్రహణమునాడు పసుపువన్నెలో ఒక గీతను మచిలీపట్టణమున పాగ్సన్ మొదలుగా కొందఱు చూచిరి. దానిని సోడియము గీతయని గాని, దానికి చేరువదని గాని తలచిరి. అది సోడియముది కాదని నిర్ణయించి, భూమిపై ఎఱుగని పదార్థమునకు చెందినదని ఊహించినది లాకియర్. ఆ పదార్థమునకు గ్రీకుభాషలో సూర్యుని పేరునుబట్టి హీలియమను పేరు పెట్టబడెను. 1895లో విలియం రామ్సే ఒక ఖనిజమునుండి దానిని వెలికి తీసిన పిమ్మట గాని లోకము నమ్మలేదు. జాన్సెన్ తాను దానిని కనుగొంటినని చెప్పుకొనలేదు. గ్రహణము లేకుండ సూర్యుని మంటలను చూపుట ఆయన ఘనత. గుంటూరునకు ఆ ఘనత చాలును.

అక్షికటకముల మాట ఇంకను మిగిలియున్నది. 60 మిల్లీమీటరుల వస్తుకటకమును 700 మిల్లీమీటరుల నాభ్యంతరమును గల చిన్న దూరదర్శినిని ఉదాహరణగా గైకొందము. పాఠశాలలకు తఱచు దొరకునది ఇట్టిదే. నాభ్యంతరమును అక్షికటకపు నాభ్యంతరముచే భాగించినచో వర్ధనశక్తి వచ్చును. 25 మిల్లీమీటరుల కటకము 28 రెట్లును, 10 మిల్లీమీటరులది 70 రెట్లును, 6 మిల్లీమీటరులది సుమారు 117 రెట్లును పెంచును. వస్తుకటకపు మిల్లీమీటరులకు రెండింతలు, అనగా 120 రెట్లు, దీనికి హద్దు. పెట్టెలో ఉచితముగ వచ్చు 4 మిల్లీమీటరుల కటకమును దానిపై మూడింతలు చేయు బార్లో కటకమును జతపఱచి 525 రెట్లని అట్టపై అచ్చువేయుదురు. అది వట్టి మసక తప్ప మఱేమియు కాదు. మొదట 25తో వస్తువును పట్టుకొని, 10తో పరిశీలించి, గాలి నిలకడగనున్న రాత్రి మాత్రమే 6ను పెట్టవలెను. డబ్బు కొద్దిగనున్నచో మూడు నాసిరకపు కటకములకంటె రెండు మంచివి కొనుట మేలు.

రంగు ఫిల్టరులు చిన్న దూరదర్శినికి అంతగా అక్కఱలేదు. 60 మిల్లీమీటరుల కటకము కూర్చిన వెలుతురే కొద్ది. ముదురు ఎఱుపు, నీలము దానినిగూడ మ్రింగివేయును. లేత పసుపు ఫిల్టరొకటి మాత్రము ఉపయోగము. రెండు గాజుల వస్తుకటకములో ప్రకాశవంతమగు వస్తువుల చుట్టును కానవచ్చు ఊదారంగు అంచును అది తగ్గించును. చంద్రునికి బూడిదవన్నె ఫిల్టరు కంటికి హాయికే గాని రక్షణకు కాదు.

సూర్యుని విషయమున మాత్రము ఫిల్టరు ముందుండవలెను, వెనుక కాదు. పై దూరదర్శినిలో సూర్యుని ప్రతిబింబము నాభియొద్ద ఆఱున్నర మిల్లీమీటరులు మాత్రమే యుండును. 60 మిల్లీమీటరుల వెడల్పున పడిన ఎండ అంతయు ఆ చిన్న చుక్కలోనికి చేరును. అనగా సుమారు 85 రెట్లు. అక్షికటకమునకు బిగించు చిన్న నల్లగాజు ఆ వేడికి పగులును. పగిలిన క్షణమున కన్ను దాని వెనుకనే యుండును. పాత పెట్టెలలో అట్టి గాజు దొరకినచో ఎవ్వరికి చిక్కకుండ పగులగొట్టి పాఱవేయుడు. వస్తుకటకము నంతటిని ముందువైపున కప్పి, లక్షలో నొక వంతు వెలుతురును మాత్రమే విడుచు సూర్యఫిల్టరు కావలెను. ప్రక్కనున్న చిన్న గుఱి దూరదర్శినికిని మూత వేయవలెను. లేదా కంటిని పెట్టకయే సూర్యబింబమును తెల్లకాగితముపై పడవేయవచ్చును. ఇందుకు ఖరీదైన అక్షికటకములు పనికిరావు. వానిలో గాజులను అతికించిన జిగురు వేడికి చెడును. పెట్టెలో చవుకగా వచ్చు హైగెన్సు అక్షికటకమున జిగురు లేదు గనుక అదియే మేలు. గ్రంథాలయమున చవుకబారు కటకము గెలుచు చోటు ఇదొక్కటే!

మఱల జాన్సెన్ వద్దకు పోవుదము. 1870లో ప్రష్యా సైన్యములు పారిసును ముట్టడించియుండగా ఆల్జీరియాలోని ఓరాను నగరమున గ్రహణము సంభవింపనుండెను. కుంటికాలు గలవాడై, 46 ఏండ్ల వయసున, జాన్సెన్ డిసెంబరు 2వ తేదీని తన పరికరములతో బెలూను ఎక్కి శత్రువుల తలలపైనుండి ఎగిరిపోయెను. ఓరాను చేరెను. గ్రహణమునాడు మబ్బు పట్టెను; ఏమియు కనబడలేదు. మఱుసటి యేడు డిసెంబరులో మన దేశమునకు మఱల వచ్చి నీలగిరులలో గ్రహణమును చూచి, సూర్యుని చుట్టునున్న తెల్లని కాంతివలయమున కొంత సూర్యునినుండి చెదరివచ్చిన వెలుతురే యని తెలిసికొనెను.

1874 డిసెంబరు 9న శుక్రగ్రహము సూర్యబింబమును దాటుటను చూచుటకు జపానులోని నాగసాకికి వెళ్లెను. బింబపు అంచును శుక్రుడు తాకు క్షణమును కన్ను సరిగా నిర్ణయింపలేదు గనుక, 72 సెకండులలో 48 చిత్రములను వరుసగా తీయు తిరుగుడు యంత్రమును ఆయన కల్పించెను. చలనచిత్ర యంత్రమునకు అది పూర్వికులలో నొకటి. అదే దినమున మన విశాఖపట్టణమున శ్రీ అంకితము వేంకట నరసింగరావుగారు తమ మామగారు గోడే జగ్గారావుగారు స్థాపించిన వేధశాలలో, 6 అంగుళముల కుక్కు దూరదర్శినితో, ఆ సంఘటననే చూచి లండను పండితులకు వ్రాసిరి. వీరి చరిత్రము వేఱుగ వ్రాయదగినది.

యుద్ధమున కాలిపోయిన మ్యూడాను కోటను ప్రభుత్వము 1876లో వేధశాలకై జాన్సెన్‌నకు ఇచ్చెను. అచ్చట ఆయన తీసిన సూర్య ఛాయాచిత్రములు చిన్న దూరదర్శిని గలవారెల్లరు తెలిసికొనదగినవి. ఆయన వాడిన వస్తుకటకము వెడల్పు పదమూడున్నర సెంటీమీటరులు మాత్రమే. ఛాయాచిత్రపు పలకకు ఊదావన్నె యెక్కువగ తగులును గనుక, కటకమును ఆ వన్నెకే సరిపోవునట్లు తీర్పించెను. సెకండులో మూడువేలవ వంతు సేపు మాత్రమే వెలుతురును లోనికి విడిచెను. ఇట్లు ఒక్క వన్నెను, ఒక్క క్షణమును ఎన్నుకొనుటచే సూర్యుని ముఖము బియ్యపుగింజలు పఱచినట్లు కానవచ్చెను. చాల పెద్ద దూరదర్శినులు గలవారును కొన్ని దశాబ్దములవఱకు వానిని మించలేకపోయిరి. ఆ చిత్రముల సంపుటము 20వ శతాబ్దపు ఆరంభమున వెలువడెను. ఆ కాలముననే, 1901లో, నవాబు జఫర్‌జంగు హైదరాబాదులో స్థాపించిన వేధశాల తరువాత బేగంపేటకు చేరి, ఆకాశమంతటిని ఛాయాచిత్రములుగ తీయుటకు 1887లో పారిసున నిశ్చయింపబడిన పనిలో తన భాగమును నెఱవేర్చెను. లాలాగూడనుండి బేగంపేట యెంత దూరము?

ముసలితనమున గూడ ఆయన మనస్సు ఆ పాత ప్రశ్నను విడువలేదు. సూర్యుని వర్ణపటములోని ప్రాణవాయువు గీతలు సూర్యునివా, మన గాలివా? 1889లో ఈఫెలు గోపురమునుండి విద్యుద్దీపమును మ్యూడానువైపు వెలిగించి పరీక్షించెను. గాలి పలుచనగు చోటునకు పోయినచో గీతలును పలుచబడవలెను గదా యని మోంబ్లా పర్వతమును ఎక్క నిశ్చయించెను. నడువలేని మనిషి. 1890లో, 66 ఏండ్ల వయసున, కొండకూలీలు త్రాళ్లతో లాగు జారుడుబండిలో కూర్చుండి శిఖరమును చేరెను. గీతలు తగ్గెను. 1893లో ఆ శిఖరముననే, రాయి దొరకనందున గడ్డకట్టిన మంచుపైననే, చిన్న వేధశాలను కట్టించి మఱల తానే పైకి పోయెను.

జాన్సెన్ 1907వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీని మ్యూడానులో, 83 ఏండ్ల వయసున మరణించెను. మోంబ్లాపైనున్న కట్టడము ఏటేట మంచులో క్రుంగుచుండుటచే 1909లో దానిని తొలగించిరి.